సిక్ రూమ్‌లో మూడు గోలీలు మిగిలాయి: ఒక బాలికల గురుకులం కేస్ స్టడీ

నేను తెలంగాణలో ఒక బాలికల గురుకులంలో స్టాఫ్ నర్సుని. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆరు వందలకు పైగా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకుంటారు. ఇంటి దగ్గరైతే అమ్మ గుర్తుపెట్టుకుని ఇచ్చే మందు ఇక్కడ మా చేతుల మీదుగానే అందాలి. ఈ కేసు జరిగిన ఏడాది రోజూ మందు వాడే పిల్లలు 23 మంది. ఫిట్స్, థైరాయిడ్, ఆస్తమా, టైప్ 1 షుగర్, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్లు ఆ లెక్కలో ఉన్నారు. జ్వరాలు, దగ్గులు, కడుపునొప్పులు దీనికి అదనం. పిల్లల గుర్తింపు బయటపడకుండా తరగతులు, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. పొరపాటు మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఇలాంటి సిక్ రూమ్ నడిపే తోటి సిస్టర్లకు అది తెలియాలి.

ఆ సోమవారం

అప్పట్లో నా పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు, మర్నాడు ఇవ్వాల్సిన గోలీలను షీట్ల నుంచి తీసి, మెడికల్ షాపుల్లో ఇచ్చే చిన్న కాగితం కవర్లలో వేసి, పైన పేరు, తరగతి రాసేదాన్ని. రిజిస్టర్‌లో టిక్కులు కూడా అప్పుడే పెట్టేసేదాన్ని. పొద్దున పీటీ అయ్యాక టిఫిన్ గంట కొట్టేలోపు నాకు దొరికేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో లైను కదలాలి, అదొక్కటే టెన్షన్. హెల్త్ క్యాప్టెన్ అనే పెద్దమ్మాయి పేరు పిలిచేది, నేను కవర్ చేతిలో పెట్టేదాన్ని.

మా బడిలో ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయికి, తొమ్మిదో తరగతిలో ఇంకో అమ్మాయికి ఒకే పేరు. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. ఎనిమిదో తరగతి అమ్మాయిది థైరాయిడ్, తొమ్మిదో తరగతి అమ్మాయిది ఫిట్స్. పేరు పిలవగానే ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి కవర్ తీసుకుంది. పక్కకు వెళ్లి అరచేతిలోకి ఒంపుకుంది. నీళ్ల గ్లాసు ఎత్తబోయి ఆగి నా వైపు చూసింది.

"సిస్టర్, నా గోలీ చిన్నగుంటది కదా. ఇది పెద్దగున్నది."

ఆ అరచేయి నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అందులో ఉన్నది ఫిట్స్‌కు ఇచ్చే సోడియం వాల్ప్రోయేట్ 300 మిల్లీగ్రాముల గోలీ. ఆమె వేసుకోవాల్సిన థైరాక్సిన్ గోలీ అందులో సగం కూడా ఉండదు. ఆ పిల్ల గమనించింది కాబట్టి ఆగింది. ఐదో తరగతి పిల్ల అయితే సిస్టర్ ఇచ్చింది కదా అని మింగేసేది.

కవర్ తీసుకుని, సరైన గోలీ ఇచ్చి పంపాను. తొమ్మిదో తరగతి అమ్మాయి లైన్లో కనపడలేదు. నేనే తరగతి గదికి వెళ్లి పిలుచుకొచ్చి ఇచ్చాను. ఆ తర్వాత తలుపు వేసుకుని ఆమె షీట్లు ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. రెండో ఆదివారం పేరెంట్స్ వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఎన్ని తెచ్చాడో రాసి ఉంది. రోజుకు రెండు చొప్పున ఎన్ని అయిపోవాలో లెక్క వేశాను. మూడు గోలీలు ఎక్కువ ఉన్నాయి.

రిజిస్టర్ తెరిస్తే ఒక్క టిక్కు కూడా తప్పలేదు.

మూడు గోలీల వెనక ఏముంది

మొదట పేర్ల తికమకే అనుకున్నాను. అది నిజమే కానీ సగమే. మిగిలిన మూడు గోలీలకు ఒకే పేరుతో సంబంధం లేదు. నేను కవర్లో వేసి పెట్టిన గోలీని ఎవరూ తీసుకోకపోతే సాయంత్రం దాన్ని మళ్లీ డబ్బాలో పడేసేదాన్ని. 'తర్వాత వచ్చి వేసుకుంది కాబోలు, ఇది రేపటి కవర్ కాబోలు' అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. టిక్కు రాత్రే పడిపోయింది కాబట్టి నన్ను ఆపేది ఏదీ లేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయిని సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఒంటరిగా పిలిచి అడిగాను. కోప్పడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: "లైన్ల నిలబడితే అందరడుగుతున్నరు సిస్టర్, నీకేం బీమారని. నాకు ఫిట్సని ఎట్ల చెప్తా?"

ఇంకో మాట కూడా చెప్పింది. బీరువాలో నేను జబ్బుల వారీగా అరలు పెట్టి, బయటికి కనపడేలా స్కెచ్ పెన్నుతో 'ఫిట్స్', 'థైరాయిడ్', 'షుగర్' అని రాసి అంటించాను. నా దృష్టిలో అది ఎంతో పద్ధతిగా సర్దిన బీరువా. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. జ్వరమని వచ్చి మంచం మీద పడుకున్న ప్రతి పిల్లా, నేను ఏ అరలోంచి ఎవరికి మందు తీస్తున్నానో చూస్తూనే ఉంది. డార్మిటరీలో ఆ అమ్మాయి పక్కన పడుకోవడానికి ఒకరిద్దరు భయపడ్డారట. ఫిట్స్ అంటుకునే జబ్బు కాదు. ఆ మాట పదమూడేళ్ల పిల్లలకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదు.

ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో నర్సుకు చెప్పక్కర్లేదు. అదుపులో ఉన్న ఫిట్స్ తిరగబడతాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. ఆ రోజే ప్రిన్సిపాల్ మేడంకు చెప్పాను, నాన్నకు ఫోన్ చేశాను, అమ్మాయిని చూసే డాక్టరుగారితో మాట్లాడాను. తప్పిన డోసుల కోసం కలిపి వేయొద్దని, మామూలు డోసే కొనసాగించి రాత్రిళ్లు గమనించమని ఆయన చెప్పారు. నాలుగు రాత్రులు హౌస్ టీచర్ ఆ అమ్మాయి మంచం దగ్గరే పడుకుంది. దేవుడి దయ, ఏమీ కాలేదు.

నాన్నతో ఫోన్లో మాట్లాడటం అన్నిటికంటే కష్టమైంది. ఆయన తిట్టలేదు. "మీరే చెప్తిరి కదా మేడం, అదే చాలు" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బీరువా ఖాళీ చేసిన ఆదివారం

ఆ ఆదివారం బీరువాలో ఉన్నదంతా రెండు మంచాల మీద పరిచాను. నాతో ఒక హౌస్ టీచర్ కూర్చుంది. ఒక్కరే చేస్తే మన తప్పు మన కంటికి కనపడదు.

పేరు లేని షీట్లు చాలా ఉన్నాయి. కోర్సు మధ్యలో ఆపేసిన యాంటీబయాటిక్ గోలీలు దొరికాయి. కలిపి ఎన్నాళ్లయిందో తెలియని డ్రై సిరప్ సీసాలు మూడు ఉన్నాయి. నీళ్లు కలిపాక సాధారణంగా వారంలోపే వాడేయాల్సిన మందు అది. ఇన్‌హేలర్లలో ఒకటి ఖాళీ, నొక్కితే ఉత్త గాలి వస్తోంది. పారాసిటమాల్ సిరప్ రెండు బలాలది పక్కపక్కనే ఉంది. ఒకటి 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు, ఇంకోటి 250. పిల్ల బరువుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన డోసు వేస్తాం కదా, సీసా మారితే అదే మూతతో రెట్టింపు పోతుంది.

నన్ను బాగా కలవరపెట్టింది కత్తిరించిన షీట్లు. మెడికల్ షాపులో ఆరు గోలీలు అడిగితే కత్తెరతో కోసి ఇస్తారు. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు తరచుగా ఒక్క చివరే అచ్చై ఉంటాయి. ఆ చివర షాపులో ఉండిపోతే మన చేతికొచ్చేది పేరూ తేదీ లేని రేకు ముక్క. అలాంటివన్నీ తీసేశాం. అప్పటి నుంచి పేరెంట్స్‌కు ఒక్కటే చెప్తున్నా: నెలకు సరిపడా పూర్తి షీట్లు తెండి, కోసి ఇస్తే వద్దనండి.

తీసేసిన వాటిని చెత్తకుండీలో వేయలేదు. మా పిల్లలు ఆడుకునే చోటు నుంచి కుండీ ఎంత దూరం? రిజిస్టర్‌లో పేరు, లెక్క రాసి, ఇద్దరం సంతకాలు చేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాం.

ఒక పిల్ల, ఒక డబ్బా

జబ్బుల అరలు పోయాయి. 23 మందికి 23 డబ్బాలు కొన్నాం. లోపల ఉన్నది బయటికి కనపడని రంగువి, మూత గట్టిగా పడేవి. మూత లోపలి వైపు పాస్‌పోర్ట్ ఫొటో, పూర్తి పేరు, నాన్న పేరు, అడ్మిషన్ నంబరు, మందు పేరు, డోసు, వేళ ఉంటాయి. పడని మందు ఏదైనా ఉంటే ఎర్ర ఇంకుతో రాశాం. బయట అడ్మిషన్ నంబరు తప్ప ఏమీ లేదు. జబ్బు పేరు ఎక్కడా బయటికి రాదు. హెచ్‌ఐవీ మందులు వాడే పిల్లలు మా దగ్గర లేకపోయినా ఏదో ఒక ఏడాది రావచ్చు. వాళ్ల వివరం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టమే చెబుతోంది. ఫిట్స్ ఉన్న పిల్లకు మాత్రం ఆ గౌరవం ఎందుకు ఉండకూడదు?

మందు ఎప్పుడూ తన షీట్లోనో, సీసాలోనో ఉంటుంది. ముందురోజు తీసి పెట్టడం బంద్. డబ్బాలో డాక్టరు చీటీ జిరాక్స్ ఉంటుంది. చీటీ లేని మందు డబ్బాలోకి పోదు.

ఈ చివరి రూలు రాయడం తేలిక, పాటించడం కష్టం. మరుసటి రెండో ఆదివారం ఒక తల్లి వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు, వాటి కింద కాగితం పొట్లం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన తెల్లగోలీలు, పచ్చగోలీలు. కూతురికి నెలసరి నొప్పి.

"గింత దూరం నుంచి తెచ్చిన మేడం, తీస్కోనంటే ఎట్ల?"

"అక్కా, ఇందులో ఏముందో నాకు తెల్వదు. తెల్వనిది నీ బిడ్డ నోట్ల ఎట్ల వెయ్యాలె చెప్పు" అన్నాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వద్దని పంపేస్తే ఆ పొట్లం ట్రంకు పెట్టెలో బట్టల కింద చేరుతుందని నాకు తెలుసు. అందుకే కూర్చోబెట్టి, పిల్లను ఆరోగ్య కేంద్రానికి నేనే తీసుకెళ్లి చూపిస్తానని, ఏం రాశారో ఫోన్ చేసి చెప్తానని మాటిచ్చాను. తీసుకెళ్లాను, చెప్పాను. పొట్లం మాత్రం ఆమె సంచిలోనే తిరిగి వెళ్లింది.

లైను తీసేశాం

పొద్దున లైను ఇప్పుడు లేదు. డార్మిటరీ వారీగా వేళలు పెట్టాం, గదిలోకి ఒక్కొక్కరే వస్తారు, తలుపు ఓరగా మూసి ఉంటుంది. జ్వరం పిల్లల మంచాలకు అడ్డంగా తెర కట్టాం. హెల్త్ క్యాప్టెన్ ఇప్పుడు పేర్లు పిలవదు.

పిల్ల వచ్చాక నేను పేరు చెప్పను, తనే చెప్పాలి. పేరు, నాన్న పేరు, అడ్మిషన్ నంబరు. "నువ్వు ఫలానాయే కదా?" అని మనం అడిగితే సగం నిద్రలో ఉన్న పిల్ల ఊఁ అంటుంది. డబ్బా తెరిచి ఫొటో చూస్తాను. గోలీని పిల్ల ముందే షీట్లోంచి చిన్న మూతలోకి తీస్తాను, పిల్ల కూడా చూస్తుంది. ఆ రోజు నన్ను కాపాడింది పిల్ల కళ్లే కదా. ప్రతి ఒక్కరికీ తన గోలీ రంగు, సైజు నేర్పాను, మారితే అడగాలని చెప్పాను. నీళ్లతో మింగాక, నోరు చూశాక, అప్పుడు రాస్తాను: వేళ, ఎన్ని గోలీలు, నా సంతకం, పిల్ల పొడి అక్షరాలు. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రాస్తాను. శనివారం సాయంత్రం ప్రతి డబ్బాలో గోలీలు లెక్కపెట్టి రిజిస్టర్‌తో సరిచూస్తాం, మళ్లీ ఇద్దరం.

మొదటి నెల ఇది పని చేయలేదని ఒప్పుకోవాలి. ఇరవై నిమిషాల పని యాభై నిమిషాలైంది. పిల్లలు అసెంబ్లీకి ఆలస్యమయ్యారు, పీఈటీ మేడం నా మీద మండిపడింది, ఆమె తప్పేమీ లేదు. అప్పుడు ఒక్కో చీటీ తీసుకుని డాక్టర్లను అడిగాను, ఈ మందు పొద్దునే ఇవ్వాలా అని. ఏడుగురికి రాత్రి భోజనం తర్వాతకు మార్చారు. థైరాయిడ్ వాళ్లకు కుదరదు, పరగడుపునే వేయాలి, టిఫిన్‌కు కనీసం అరగంట ముందు. వాళ్లను పీటీకి ముందే పిలుస్తున్నాను.

థైరాయిడ్ సంగతి చూస్తుంటే ఇంకోటి బయటపడింది. వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీ, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండేది, మేం సోమవారం పొద్దున టిఫిన్ కాగానే ఇచ్చేవాళ్లం. థైరాక్సిన్‌కు ఐరన్‌కు మధ్య నాలుగు గంటలు ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. నీలం గోలీని మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చాం. కడుపులో తిప్పుతోందనే పిల్లలు కూడా తగ్గారు. సికిల్ సెల్ ఉండి రక్తం ఎక్కించుకునే అమ్మాయికి ఐరన్ అసలు ఇవ్వొద్దని డాక్టరు రాశారు. అందరికీ పంచే రోజు అలాంటి పిల్లే పొరపాటున లైన్లో కలిసిపోతుంది, అందుకే ఆమె డబ్బా మూతలో ఎర్ర ఇంకుతో ఆ మాటే మొదట ఉంటుంది.

తాళం వేయకూడనివి, ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి

బీరువాకు తాళం తప్పనిసరి. కానీ ఆయాసంతో పిల్ల ఊపిరి అందక కొట్టుకుంటుంటే తాళంచెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఆస్తమా పిల్లల్లో పెద్దవాళ్ల ఇన్‌హేలర్ వాళ్ల బ్యాగులోనే ఉంటుంది, రెండోది డార్మిటరీలో హౌస్ టీచర్ దగ్గర. చిన్నవాళ్లది తరగతి టీచర్ దగ్గర. 200 పఫ్‌లు అని పైన రాసి ఉంటుంది కదా, ఎన్ని వాడారో గీతలు గీసే చీటీ ఇన్‌హేలర్‌కే అంటించాం. ఖాళీ ఇన్‌హేలర్ మళ్లీ దొరకలేదు.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే, డాక్టరు రాసిన డోసుతో, రాత్రి డ్యూటీ టీచర్ గదిలో విడిగా ఉంటుంది. టీచర్లందరికీ ఒక సాయంత్రం చూపించాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాచీ చూడాలి, 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా దూర్చొద్దు. తాళాల మాట చెప్పగానే గదిలో సగం మంది ముఖాలు చూసుకున్నారు.

ఇన్సులిన్ మీద ఇంకొంచెం చెప్పాలి. మన దగ్గర వయల్ (ఇన్సులిన్ బుడ్డి) ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. సిరంజి మారితే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. మా అమ్మాయి వాడేది 40. నారింజ సిరంజి ఒక్కటి కూడా నా గదిలో ఉండదు, వాళ్ల నాన్న తప్పుగా తెస్తే అక్కడే వాపస్ ఇస్తాను. ఇన్సులిన్ అంతకుముందు వంటగది ఫ్రిజ్‌లో కరివేపాకు, పచ్చిమిర్చి పక్కన ఉండేది, ఒకసారి వెనక గోడకు ఆనుకుని గడ్డకట్టింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఇప్పుడు సిక్ రూమ్‌లో చిన్న ఫ్రిజ్ ఉంది, లోపల థర్మామీటరు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ రాస్తాం. ఎండాకాలం కరెంటు ఎక్కువసేపు పోతే, వాడుతున్న వయల్‌ను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి కొత్త కుండలో ఉంచుతాం.

ఇన్సులిన్‌తో అసలు ప్రమాదం వంటింటి దగ్గర ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాక ఉప్మా ముప్పావు గంట ఆలస్యమైన రోజు ఒకటి ఉంది. పిల్ల చెమటలు పట్టి, చేతులు వణుకుతూ గోడ పట్టుకుని నిలబడింది. గ్లూకోజ్ నీళ్లు తాగించాక తేరుకుంది. అప్పటి నుంచి ప్లేటు చేతిలో చూశాకే సూది. వంటమ్మకు విషయం చెప్పాను. ఆ అమ్మాయి ప్లేటు అందరికంటే ముందు వస్తుంది, ఎప్పుడైనా ఆలస్యమైతే వంటమ్మే మనిషిని పంపుతుంది.

సెలవుల చీటీ

దసరా, సంక్రాంతి సెలవులకు పోయేటప్పుడు ముందు మందులు సంచిలో పెట్టి పంపేవాళ్లం, అంతే. ఇప్పుడు ఎన్ని గోలీలు ఇస్తున్నామో, ఏ వేళకు వేయాలో తెలుగులో రాసి, ఇంట్లో రోజూ కొట్టేయడానికి గళ్లు గీసి ఇస్తున్నాం. తిరిగొచ్చినప్పుడు లెక్క చూస్తాం. తేడా వస్తే తిట్టం. తిడితే మర్నాటి నుంచి గళ్లన్నీ నిండే వస్తాయి, అది మళ్లీ నా పాత రిజిస్టరే.

తొమ్మిదో తరగతి అమ్మాయిని తర్వాతి రివ్యూలో చూసిన డాక్టరుగారు, ఎదుగుతున్న ఆడపిల్ల కాబట్టి వాల్ప్రోయేట్ బదులు వేరే మందుకు మార్చారు. పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ కొన్ని వారాల చార్టు ఇచ్చారు. ఆ వారాల్లో డబ్బాలో రెండు మందులు ఉన్నాయి, డోసు వారం వారం మారింది. పాత కవర్ల పద్ధతిలో అయితే నేను ఆ చార్టును గట్టెక్కించేదాన్ని కాదు. పాత మందు చివరి గోలీ అయిపోయిన రోజే దాని చీటీ, ఖాళీ షీట్లు డబ్బాలోంచి తీసేశాం. ఆ తర్వాత రెండు శనివారాలు లెక్క ఆ అమ్మాయే పెట్టింది, నేను పక్కన కూర్చున్నాను.

నేను లేని రోజుల సంగతి చాలాకాలం తేలలేదు. ఇద్దరు హౌస్ టీచర్లకు డబ్బాల పద్ధతి నేర్పాను, ఇన్సులిన్ అమ్మాయి తన సూది తనే వేసుకోవడం నేర్చుకుంది, టీచర్ చూస్తుంది. రెండో తాళంచెవి సీల్ చేసిన కవర్లో ప్రిన్సిపాల్ మేడం దగ్గర ఉంటుంది. మొన్న మా ఇంట్లో పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టాను. వచ్చి రిజిస్టర్ తీసి, డబ్బాలన్నీ లెక్కపెట్టాను. ఒక్క డబ్బాలో ఒక గోలీ ఎక్కువుంది. రిజిస్టర్‌లో ఆ తేదీ దగ్గర టిక్కు లేదు. హౌస్ టీచర్ చేతిరాతతో ఇలా ఉంది: "రాత్రి 8:10, ఇవ్వలేదు, రెండుసార్లు వాంతి, డాక్టరుగారికి ఫోన్ చేశాను, పొద్దున ఇవ్వమన్నారు."